600 పదాల్లో ఎబెట్స్ ఫీల్డ్

రాత్రి ఒంటిగంటకి రివ్యూ పంపేశాను. బేస్‌బాల్ పుస్తకాలకు సమీక్షలు రాస్తూ చాలా ఏళ్లయింది కానీ ఈసారి వచ్చిన పుస్తకం వారం రోజులు నన్ను వదల్లేదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పేట జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ కథ అది.

1947 ఏప్రిల్ 15న నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ ఆ జట్టు తరఫున వాళ్ల స్టేడియం ఎబెట్స్ ఫీల్డ్‌లో అడుగుపెట్టిన సంగతి నాకు తెలిసిందే. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో నల్లవాళ్లను దశాబ్దాలుగా ఆడనివ్వని ఆ గోడ ఆ రోజు కూలింది. పదేళ్ల తర్వాత, 1957 సీజన్ ముగిశాక, జట్టు లాస్ ఏంజెలిస్‌కి వెళ్లిపోయిందనీ తెలుసు. ఒక పేటకి తన జట్టు లేకుండా పోవడమంటే ఏమిటో మాత్రం ఈ పుస్తకం చదివాకే అర్థమైంది.

మనసాగక శనివారం సబ్‌వే ఎక్కి ఆ చోటు చూసొచ్చాను. 1960లో స్టేడియం కూల్చేశారు, ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. కాసేపు ఫుట్‌పాత్ మీదే నిలబడిపోయాను. ఎందుకో గుంటూరులో ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని క్రికెట్ కామెంటరీ వినే మా తాతయ్య గుర్తొచ్చారు. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది ఆయనకి. అయినా వికెట్ పడితే ఆ పూట అన్నం సయించేది కాదు.

600 పదాలే రాయాలన్నారు. అందులో నాలుగు వాక్యాలు తాతయ్యవే. ఆ పేరా మాత్రం తీసేయొద్దని ఎడిటర్‌ని అడిగాను.