తూర్పు కిటికీలో ఆఫ్రికన్ వయొలెట్

బెంగళూరులో మన వాళ్ళ బాల్కనీలు చూడండి. తులసి, మనీప్లాంటు, కరివేపాకు, ఒకటో రెండో గులాబీలు. ఆఫ్రికన్ వయొలెట్ మాత్రం ఎక్కడో గాని కనపడదు. "నాజూకు మొక్కండీ, ఇళ్ళల్లో నిలవదు" అని అమ్మేవాళ్ళే ముందుగా భయపెడతారు. ఆ మాట నేను ఒప్పుకోను. నేరుగా ఎండ పడని ఫ్లాట్లో, ఇంటి లోపలే ఏడాదిలో ఎక్కువ నెలలు పూసే చిన్న మొక్క కావాలంటే ఈ ఊరికి ఇంతకన్నా అనువైనది నాకు తెలియదు. దాని పుట్టిల్లు ఎలాంటిదో తెలిస్తే చాలు, పెంపకమంతా అందులోంచే వస్తుంది.

ఆ పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. ముఖ్యంగా టాంజానియా ఈశాన్యాన ఉన్న ఉసంబర కొండలు. 1892లో అక్కడ జర్మన్ అధికారిగా ఉన్న వాల్టర్ ఫాన్ సెయింట్ పాల్ ఈ మొక్కను చూసి జర్మనీలోని తండ్రికి పంపాడు. మరుసటి ఏడాది హెర్మన్ వెండ్‌లాండ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ వంశం పేరు మీదుగా దీనికి సెయింట్‌పాలియా అని పేరు పెట్టాడు. 2015లో దీన్ని స్ట్రెప్టోకార్పస్ ప్రజాతిలో కలిపేశారు. అసలు వయొలెట్లతో దీనికి చుట్టరికమే లేదు. నాకు పనికివచ్చిన సంగతి వేరు. అక్కడ ఇది చెట్ల నీడన, తేమగా ఉండే రాళ్ళ సందుల్లో, చారెడు ఆకుమట్టిలో వేళ్ళూనుకుని బతుకుతుంది. కాబట్టి వెలుగు ఉండాలి, మండే ఎండ తగలకూడదు. తడి ఉండాలి, నీరు నిలవకూడదు. కుండీ చిన్నదిగా ఉండాలి. 18 నుంచి 27 డిగ్రీల దాకా దానికి హాయి. 900 మీటర్ల ఎత్తున ఉన్న మన ఊళ్ళో, ఎండాకాలం తీసేస్తే ఇంటి లోపల దాదాపు ఎప్పుడూ ఉండేది ఆ వేడే.

మా ఫ్లాటు సి.వి.రామన్ నగర్‌లో, రెండో అంతస్తు. పడకగది కిటికీ తూర్పుకు ఉంది. పొద్దుటి లేత ఎండ పల్చటి తెరలోంచి వస్తుంది. తొమ్మిదిన్నర దాటేసరికి పక్క భవనం అడ్డు వస్తుంది. మా ఇంట్లో దానికి అంతకంటే మంచి చోటు లేదు. వెలుగు సరిపోయిందో లేదో మొక్కే చెబుతుంది. కాడలు బారుగా సాగి ఆకులు పైకి లేస్తుంటే చాలడం లేదు. ఆకులు పాలిపోయి, నడిమి చిగుళ్ళు బిగుసుకుపోతే ఎక్కువైంది. సరిగ్గా అమరినప్పుడు ఆకులన్నీ పళ్ళెంలా చుట్టూ పరుచుకుంటాయి, మధ్యలోంచి పూలు గుత్తిగా లేస్తాయి. వారానికోసారి కుండీని కొద్దిగా తిప్పకపోతే దుబ్బు ఒకవైపే వాలుతుంది.

ఇక నీళ్ళు. నెల్లూరు నుంచి అమ్మ వచ్చినప్పుడల్లా దీని దగ్గరే వాదన. పొద్దున్నే తులసికి పోసిన చెంబుతోనే దీనికీ పోయబోయేది. "పైనుంచి నీళ్ళు పోయకుండా ఏ మొక్కయినా బతుకుతుందటే?"

"ఆకుల మీద పడితే మచ్చలు వస్తాయమ్మా" అంటే నమ్మలేదు. ఎలాగూ తీసేయవలసిన ఒక ముదురాకు మీద ఫ్రిజ్ నీళ్ళు నాలుగు చుక్కలు వేసి ఉంచాను. కొద్ది రోజులకు చుక్క పడిన చోటల్లా తెల్లటి వలయాలు తేలాయి. ఆకు కన్నా నీరు బాగా చల్లగా ఉంటే పైపొర కింది కణాలు చితికిపోతాయి. ఆ మచ్చ మళ్ళీ మానదు. ఇప్పుడు అమ్మే ముందు రాత్రి గిన్నెలో నీళ్ళు పట్టి మూత పెట్టి ఉంచుతుంది.

కుండీని ఎత్తి చూసి, తేలికగా అనిపిస్తేనే నీళ్ళ వంతు. సాసరులో గది వేడికి వచ్చిన నీళ్ళు పోసి అందులో కుండీని ఒక అరగంట ఉంచుతాను. పైమట్టి రంగు మారి తడి కనపడగానే మిగిలిన నీళ్ళు పారబోస్తాను. మాకు వచ్చేది ఎక్కువగా బోరునీరే. అందులోని లవణాలు పైకి చేరి మట్టి మీద తెల్లగా పేరుకుంటాయి. అందుకే నెలకోసారి, ఆకులు తడవకుండా, పైనుంచి నిదానంగా పోసి కింది రంధ్రాల గుండా కడిగేస్తాను. మట్టికుండీ అంచున ఆ ఉప్పు పేరుకుంటే దానికి ఆనుకున్న కాడలు కుళ్ళుతాయి. మట్టికుండీలంటే నాకు ఎంత ఇష్టమైనా దీనికి మాత్రం ప్లాస్టిక్ కుండీయే వాడతాను.

అన్నిటికన్నా ఇష్టంగా చేసే పని ఆకు నాటడం. మరీ లేతదీ మరీ ముదురుదీ కాకుండా నడిమి వరుసలోని ఆకు ఎంచుకుంటాను. బ్లేడుతో కాడను ఏటవాలుగా, రెండు మూడు సెంటీమీటర్లు ఉంచి కోస్తాను. కొబ్బరిపొట్టు, పెర్లైటు (కుండీ మట్టిలో కలిపే తేలికైన తెల్లటి గుళికలు) సమంగా కలిపి తడిపి, గట్టిగా పిండి, అడుగున రంధ్రాలు చేసిన కప్పులో నింపుతాను. కాడ అందులో దిగాక పైన పల్చటి కవరు. ఇక ఓపికే. ముందు వేళ్ళు పుడతాయి, అవి మనకు కనపడవు. రెండు నెలలకో, ఇంకా ఆలస్యంగానో, కాడ మొదట్లో మట్టి చీల్చుకుని ఆవగింజంత ఆకుపచ్చ కనిపిస్తుంది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూస్తే ఆ కాస్త ఆకు మీద కూడా తల్లి ఆకు మీదున్నట్టే నూగు! ఒక్క ఆకు చుట్టూ నాలుగైదు పిల్లలు వస్తాయి. వాటి ఆకులు రూపాయి బిళ్ళంత అయ్యాక విడదీస్తాను. పువ్వు రేకుల మీద నడిమి నుంచి అంచుకు చారలుండే కైమెరా రకాలు మాత్రం ఆకు నాటితే తల్లిలా పూయవు. వాటిని పక్క పిలకలతో పెంచాలి.

ఎరువు పలుచగా, ఎప్పుడో ఒకసారి. పిండినల్లి అనే తెల్లటి పురుగు కనపడిందా, ఆ కుండీని వెంటనే వేరే గదికి మార్చి, దూదిపుల్లతో ఒక్కొక్కటే తుడవాలి.

చెన్నైలో ఉన్న చెల్లెలు తనకూ ఒక పిల్లమొక్క కావాలని అడుగుతోంది. మే నెలలో అక్కడ ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. పగలంతా ఏసీ నడిచే గది వాళ్ళింట్లో లేదు. నవంబరులో ఇస్తానని చెప్పాను. ఫిబ్రవరి దాకా తన దగ్గర పూయనివ్వాలి, మార్చి మధ్యకల్లా ఎవరు ఇటు వస్తుంటే వాళ్ళ చేత బెంగళూరుకు తిరిగి పంపాలి. సరేనంది.