లారీ ఎక్కకూడని సామాన్లు

బడులకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే మన సీమలో ఇళ్లు మారేది ఎక్కువ. కర్నూలు నుంచి హైదరాబాదుకైనా, అనంతపురం నుంచి బెంగళూరుకైనా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. బయట ఎండ 42 డిగ్రీలుంటే, పట్టా కప్పి తాళ్లు బిగించిన బండి లోపల ఇంకా ఉడికిపోతుంది. అందుకే అట్టపెట్టెలు తెచ్చుకోక ముందే, ఆ వేడికీ కుదుపుకీ ఆగనివి ఏరి పక్కన పెట్టాలి.

మొదట గ్యాస్ బండ. నిండు బండలో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. అది పడుకోబెట్టి, ఇంటి సామాన్లతో కలిపి తీసుకుపోయే వస్తువు కాదు. ఊరు మారుతుంటే బండ, రెగ్యులేటరు రెండూ ఏజెన్సీలో అప్పగించి, డిపాజిట్టు తీసుకుని, బదిలీ కాగితం రాయించుకోండి. దానికి కనెక్షన్ ఇచ్చినప్పటి ఓచరు కావాలి, వారం ముందే వెతికి పెట్టుకోవాలి. స్టవ్ మీ సొంతం కాబట్టి తీసుకుపోవచ్చు, బర్నర్లు విడిగా చుట్టండి. రబ్బరు ట్యూబు అయిదేళ్లు దాటితే పారేయండి.

బండ అంటే మన దగ్గర ఇంకో బండ ఉంది కదా, కడప బండ. అలమర అరలకని, కూజా కిందకని విడిగా కొన్న పలకలను చాలామంది మోయిస్తారు. అది పొరలు పొరలుగా ఉండే రాయి. పడుకోబెట్టి పైన మూటలేస్తే మొదటి గుంతకే నడిమికి విరుగుతుంది. తప్పదంటే అంచు మీద నిలబెట్టి, బండి గోడకు ఆనించి కట్టాలి. నన్నడిగితే వదిలేయడమే మేలు. తాడిపత్రి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల రాళ్లు దొరకని ఊరు మన చుట్టుపక్కల లేదు. రుబ్బురోలు సంగతీ అంతే. అమ్మమ్మ నాటిది అయితే మాత్రం ఎవరి మాటా వినకండి.

బాత్రూం అర దగ్గర అజాగ్రత్త ఎక్కువ. ఫ్లోర్ కడిగే యాసిడ్ సీసా, బ్లీచింగ్ పౌడర్ ప్యాకెట్టు ఒకే బకెట్లో వేసి మూత పెడతారు. సీసా కారి రెండూ కలిస్తే క్లోరిన్ పుడుతుంది. ఆ బండి తలుపు తెరిచే హమాలీకి ఊపిరాడదు. రెంటినీ పక్కింటివాళ్లకు విడివిడిగా ఇచ్చేయండి. మిగిలిన పెయింటు, థిన్నర్, కిరోసిన్, దీపావళికి మిగిలిన టపాసులు కూడా ఎక్కించొద్దు. సెంటు స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనీయొద్దని అచ్చువేసే ఉంటుంది, చదవండి. స్కూటరు ఎక్కించేటట్లయితే పెట్రోలు తీయించాలి, వాలితే కారేది అదే.

ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండేదీ యాసిడే. 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోలు దాటుతుంది, కాబట్టి ఇద్దరు పట్టాలి. ఇన్వర్టర్ ఆపి, ముందు నల్ల వైరు, తర్వాత ఎర్ర వైరు విప్పి, టెర్మినళ్లకు టేపు చుట్టండి. నిటారుగా తప్ప ఎటూ వాలకూడదు, పైన ఏమీ పెట్టకూడదు. నాలుగైదేళ్ల పాతదైతే ఇక్కడే బ్యాటరీ షాపులో వేసేసి, కొత్త ఊళ్లో కొనుక్కోవడం నయం.

వంటింట్లో ఊరగాయ జాడీలు మూత ఎంత బిగించినా నూనె కక్కుతాయి. గోంగూర, చింతకాయ లాంటివి చిన్న డబ్బాల్లోకి మార్చి, ఒక్కోదాన్నీ ప్లాస్టిక్ సంచిలో ముడేసి చేతిలో పెట్టుకోండి. ఖాళీ జాడీని కడిగి ఆరబెట్టి పాత చీరలో చుడితే చాలు. సగం వాడిన నూనె క్యాన్లు, పురుగు మొదలైన రాగిపిండి, కొర్రలు మోయించకండి, పురుగు పక్క మూటకెక్కుతుంది. బుడ్డలు (వేరుశెనక్కాయలు) తొక్కతో ఉంటే బస్తా ఎక్కించొచ్చు, వొలిచినవైతే వేడికి చేదెక్కుతాయి.

కూలర్లో పాత గడ్డి పీకి పారేయండి. తడి ఆరని గడ్డి మూసిన బండిలో ముక్కవాసన పట్టి, పక్కనున్న పరుపుకీ అంటుతుంది. ఇక బీరువా ఖాళీగానే వెళ్లాలి. బట్టలు ఉంచి ఎత్తితే చట్రం మెలిపడి తలుపులు కలవవు.

బంగారం, డబ్బు, ఇంటి దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకాలు, పిల్లల టీసీలు, లాకరు తాళం ఒక సంచిలో, మీ ఒళ్లోనే ఉండాలి. రోజూ వేసుకునే మందులూ అందులోనే. ఇన్సులిన్‌ను నేరుగా మంచు మీద పెట్టొద్దు, గడ్డకడితే పనికిరాదు. పాలు పొంగించే గిన్నె, ఇండక్షన్ పొయ్యి, పసుపు కుంకుమ కూడా కారులోనే పెట్టుకోండి, లేకపోతే ముహూర్తం వేళకు అవి ఏ పెట్టెలో ఉన్నాయో తేలదు.

పాత చీపురు కొత్తింటికి తీసుకుపోకూడదని పెద్దోళ్లు అంటారు. ఎట్లాగూ వదిలేసేదే కదా అని ముందే పారేయకండి. బండి కదిలాక గదులు ఊడిస్తే, మంచం విప్పినప్పుడు దొర్లిపోయిన బోల్టులు దొరికేది అప్పుడే.