జెండా మీద జాజికాయ ఉన్న దీవి

కరీబియన్‌లో తెరచాప పడవల మీద తిరిగేవాళ్లకి గ్రెనడా అంటే తుఫాన్ల సీజన్‌లో తలదాచుకునే చోటు. జూన్ నుంచి నవంబరు దాకా పడవని దక్షిణంగా, దాదాపు 12 డిగ్రీల అక్షాంశం దగ్గరికి దించకపోతే చాలా బీమా కంపెనీలు ఒప్పుకోవు, అందుకని ఆ నెలల్లో ఇక్కడి రేవులన్నీ పడవలతో కిక్కిరిసిపోతాయి. మేం వెళ్లింది ఫిబ్రవరిలో కాబట్టి ఆ గొడవ లేదు. పడవ మా బావది, ఇద్దరు స్నేహితులతో కలిసి పాతది కొన్నాడు. నేను వంటకీ, రాత్రి కాపలాకీ, మధ్యమధ్యలో తిట్లు తినడానికీ.

గ్రెనడాకే చెందిన ఉత్తరపు చిన్న దీవి కారియాకూ నుంచి దిగేటప్పుడు దారిలో కిక్ ఎమ్ జెన్నీ అని ఒక అగ్నిపర్వతం ఉంది, సముద్రం అడుగున. పైన అలలు తప్ప ఏమీ కనపడవు, కానీ 2017లో కూడా పేలింది. అంతా సద్దుమణిగి ఉన్నప్పుడు కూడా దానికి ఒకటిన్నర కిలోమీటరు దూరంగానే పోవాలని నియమం, బావ ఇంకా చాలా ఎక్కువే వదిలేశాడు. "నీళ్లు మామూలుగానే ఉన్నాయిగా బావా" అంటే "మామూలుగా ఉన్నప్పుడే దాటెయ్యాలిరా" అన్నాడు.

ఏ దేశం నీళ్లలోకి వెళ్తే ఆ దేశం జెండా పడవకి కుడివైపు తాడుకి కట్టడం మర్యాద. గ్రెనడా జెండాలో ఒక మూల చిన్న జాజికాయ బొమ్మ ఉంటుంది, తెలియనివాళ్లు ఏదో ఆకనుకుంటారు. నాకు మాత్రం ఆ జాజికాయ సంగతేంటో చూడాలని పట్టుకుంది. బావకి బీచ్ కావాలి. చివరికి నా మాటే నెగ్గింది, ఎందుకంటే వ్యాన్ మాట్లాడింది నేను.

రాజధాని సెయింట్ జార్జెస్ బాగుంటుంది, గుర్రపు నాడా ఆకారంలో రేవు, చుట్టూ కొండ మీదికి ఎక్కుతూ పోయే పెంకుటిళ్లు. పైనున్న కోటలోనే 1983 అక్టోబరులో ప్రధాని మారిస్ బిషప్‌ని కాల్చి చంపారు, ఆరు రోజులు తిరక్కుండానే అమెరికా సైన్యం దిగింది. ఫొటోలు తీసుకుని బయల్దేరాం.

పడమటి తీరం వెంబడి గ్వావ్ అనే జాలర్ల ఊళ్లో జాజికాయ కేంద్రం ఉంది. రైతులు 1947లో పెట్టుకున్న సహకార సంఘానిది. లోపలికి అడుగుపెట్టగానే వాసన ముక్కుకి కాదు, గొంతుకి తగులుతుంది. చెక్క అరలలో కాయలు ఆరబోసి ఉంటాయి, కింద ఆడవాళ్లు బెంచీల మీద కూర్చుని ఏరుతుంటారు. కాయల్ని నీళ్లలో పోస్తే మునిగినవి మంచివి, వంటకి పోతాయి, తేలినవి నూనె తియ్యడానికి. జాపత్రిని నెలల తరబడి చెక్కపెట్టెల్లో మాగనిస్తారు, ఎర్రగా వచ్చింది కాస్తా పాలిపోయి మనం కొట్లో కొనే రంగుకి తిరుగుతుంది. గోనెసంచుల మీద ఏ దేశానికి పోవాలో నల్ల సిరాతో అచ్చు వేస్తారు.

బయటికొచ్చాక డ్రైవరు రోడ్డు పక్క చెట్టు నుంచి ఒక పండు కోసిచ్చాడు. చిన్న జామకాయంత, లేత పసుపు. పండితే అదే నిలువునా పగులుతుంది, లోపల నిగనిగలాడే నల్లటి గింజ, దాన్ని చుట్టుకుని తడితడిగా, రక్తంలాంటి ఎరుపులో జాపత్రి. బిర్యానీలో ఇన్నేళ్లు వేశాను గానీ ఈ రంగు ఊహించలేదు. బావ కూడా బీచ్ మాట మర్చిపోయి దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

కేంద్రంలో అరలు చాలా భాగం ఖాళీగానే కనిపించాయి, ఎందుకని అడిగితే డ్రైవరు "ఐవన్" అని ఒక్క మాట అన్నాడు. 2004 సెప్టెంబరు 7న వచ్చిన ఆ తుఫాను జాజికాయ చెట్లలో అత్యధిక భాగాన్ని పడగొట్టేసింది, అప్పటిదాకా జాజికాయ పండించడంలో ఇండోనేషియా తర్వాత స్థానం ఈ చిన్న దీవిదే. మళ్లీ నాటినా కాపుకి ఆరేడేళ్లు పడుతుంది, పైగా ఆడా మగా వేరు చెట్లు, పూత వచ్చేదాకా ఏది కాస్తుందో తెలీదు. అన్నేళ్లు పెంచాక మగదని తేలితే ఆ రైతుకి ఎలా ఉంటుందో! చాలామంది కోకో వైపు మళ్లారంటే తప్పు పట్టలేం. బీమా కంపెనీల లెక్క నమ్మి ఆ ఏడు ఇక్కడే దాక్కున్న పడవలు కూడా బోలెడు ముక్కలయ్యాయట.

ఉత్తరం కొస చుట్టి తూర్పు వైపు దిగితే రివర్ ఆంట్వాన్ రమ్ము బట్టీ. 1785 నాటిది, ఇప్పటికీ నీటి చక్రమే చెరకు గానుగ తిప్పుతుంది. పిప్పి ఎండబెట్టి అదే పొయ్యిలోకి, రసం ఒక బానలోంచి ఇంకో బానలోకి పొడుగు గరిటెలతో తోడతారు. అనకాపల్లి వైపు బెల్లం వండే చోట నిలబడ్డట్టే ఉంది, కాకపోతే ఇక్కడ బెల్లం దాకా రానివ్వరు, మధ్యలోనే పులియబెట్టేస్తారు.

గ్రెన్‌విల్‌లో భోజనం, పప్పు కూరిన రోటీలో బంగాళదుంప కూర. 1857 నుంచి మన దేశపు కూలీలు చెరకు తోటలకి వచ్చిన దీవి ఇది, ఆ తిండి ఇప్పుడు ఊరందరిదీ. కారం మాత్రం వేరే సీసాలో ఇస్తారు, జాగ్రత్త, అది మన కారం కాదు, ఒక చుక్క చాలు. తిరుగు దారిలో గ్రాండ్ ఎటాంగ్ అనే అగ్నిపర్వత బిలంలోని సరస్సు చూడాలి గానీ పొగమంచుకి ఏమీ కనపడలేదు, అరటిపండ్లకి వస్తాయన్న కోతులూ రాలేదు.

బట్టీలో అమ్మే అసలు రమ్ము 75 శాతం, విమానం ఎక్కనివ్వరు, అందుకని టూరిస్టుల కోసం కాస్త తక్కువ ఘాటుది కూడా చేస్తారు. మాకు విమానం బాధ లేదుగా, అసలుదే కొన్నాం. పడవ మీదికొచ్చాక బావ ఒక గుక్క మింగి, కళ్లు తుడుచుకుని, సీసా నా చేతికిచ్చి అన్నాడు: "వంటగదిలో పెట్టరా, గ్యాస్ అయిపోతే పనికొస్తుంది."