కాలిన్‌డేల్‌లో దిగి హైదరాబాదు చూసొచ్చాం

లండన్‌లో తొమ్మిది రోజులున్నాను. ఎనిమిది రోజులు అందరూ చూసేవే చూశాను, అందరూ దిగే చోటే ఫొటోలు దిగాను. రాయాలనిపించింది మాత్రం ఒక్క బుధవారం గురించే.

మా తమ్ముడు లండన్ దగ్గర స్లౌలో ఉంటాడు. ఆ రోజు నాకోసం సెలవు పెట్టి విండ్సర్ కోట చూపిస్తానన్నాడు. నేను హెండన్‌లో ఉన్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి పోదామన్నాను. "అన్నా, విమానాలు చూడనీకి ఇంత దూరం రావాల్నా? బేగంపేటల వింగ్స్ ఇండియా పెట్టినప్పుడు పోతే సరిపోదా?" అన్నాడు. అక్కడ ఒక పాత యుద్ధ విమానం మీద మన హైదరాబాదు పేరు రాసి ఉంటుందని చెప్పాను. నా మాట నమ్మినట్టు లేదు. అయినా సరేనని బయల్దేరాడు.

స్లౌ నుంచి ఎలిజబెత్ లైన్‌లో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దాకా, అక్కణ్ణుంచి నార్తర్న్ లైన్‌లో కాలిన్‌డేల్ దాకా. ఇద్దరికీ రానూ పోనూ మూడు వేల రూపాయలు దాటింది. ఆ డబ్బుతో భువనగిరి నుంచి ఇద్దరం రైలెక్కి తిరుపతి పోయి దర్శనం చేసుకుని రావచ్చు. స్టేషన్ బయట చిన్న కొట్టులో టీ తాగాం. ఒక్కో కప్పు మూడున్నర పౌండ్లు. పాలు వేరే, చక్కెర వేరే ఇచ్చారు. టీ మాత్రం టీలా లేదు. మనసు కాస్త చిరాగ్గా ఉంది. పైగా తమ్ముడి సెలవు పాడు చేస్తున్నానేమోనన్న టెన్షన్.

మ్యూజియానికి టికెట్ లేదు. అది చూశాక తమ్ముడి ముఖం విప్పారింది. స్పిట్‌ఫైర్లు, లాంకాస్టర్ బాంబర్ అన్నీ చకచకా దాటేశాం. వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వెతుకుతున్నది డీహెచ్ 9ఎ అనే రెండు అంతస్తుల రెక్కల విమానం. నంబరు ఎఫ్1010.

దొరికింది. మొదట కాస్త నిరాశ పడ్డాను. కర్ర చట్రం మీద గుడ్డ బిగించి, రంగు పూసిన విమానం. ముందు భాగం మొద్దుగా ఉంది. వెనకా ముందూ ఇద్దరు కూర్చునే గుంతలు, పైకప్పు లేదు. పైలట్‌కు ముందొక తుపాకీ, వెనక కూర్చునే అబ్జర్వర్‌కు చుట్టూ తిప్పుకునే తుపాకీ. ఆ చలిలో, అంత ఎత్తులో, ఆ గుంతలో కూర్చుని గంటల తరబడి శత్రుదేశం మీదికి ఎలా పోయారో ఊహకు అందలేదు. పక్కకు తిరిగి చూస్తే ఆ అక్షరాలు కనబడ్డాయి. హిజ్ హైనెస్ నిజాం ఆఫ్ హైదరాబాద్ బహూకరించినదని, కింద హైదరాబాద్ నంబర్ 12ఎ అని. తమ్ముడు తల పక్కకు వంచి, పెదాలు కదుపుతూ చదివాడు. "మన హైదరాబాదేనా అన్నా?" అన్నాడు మెల్లగా.

మనదే. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1917 నవంబరులో, ఇంగ్లండ్‌లోని రెండ్‌కూంబ్‌లో 110వ స్క్వాడ్రన్‌ను, అంటే ఒక యుద్ధ విమానాల దళాన్ని, పెట్టారు. దానికి కావలసిన విమానాల ఖర్చంతా ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చారు. అందుకని ఒక్కో విమానం మీద ఆయన పేరు, హైదరాబాద్ నంబరు రాశారు. స్క్వాడ్రన్ పేరే 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్ అయింది. 1918 సెప్టెంబరు మొదట్లో ఫ్రాన్స్ చేరి, పట్టపగలు జర్మనీ ఊళ్ల మీద, రైల్వేల మీద బాంబులు వేయడం దాని పని. డీహెచ్ 9ఎ విమానాలతో యుద్ధానికి వెళ్లిన మొట్టమొదటి స్క్వాడ్రన్ అదే. అక్టోబర్ 21న కొలోన్ వైపు వెళ్లినప్పుడు ఒక్కరోజే ఏడు తిరిగి రాలేదు. నా ఎదురుగా ఉన్న ఈ 12ఎ అంతకుముందే, అక్టోబర్ 5న, జర్మన్ల చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ బందీలయ్యారు.

చిక్కబట్టే మిగిలింది. జర్మన్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో ఆ సామానంతా పోలండ్‌కు తరలిస్తే, ఇది క్రాకోలో ఉండిపోయింది. 1977లో పోలండ్ వాళ్లకు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దీన్ని వెనక్కు తెచ్చుకున్నారు. మన ఊరి పేరు మోసుకుని అరవై ఏళ్లు పరాయి చేతుల్లో తిరిగిందన్నమాట.

అక్కడ నిలబడితే మా తాత ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. మాది భువనగిరి దగ్గర పల్లె. ఆ పెట్టె అడుగున గుడ్డలో చుట్టిన శిస్తు రసీదులుండేవి. అన్నీ ఉర్దూ. తాతకు ఉర్దూ మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అయినా ఏడాదికోసారి, దీపావళి ముందు, తీసి ఎండలో ఆరబెట్టి మళ్లీ మడతపెట్టేవాడు. పట్వారీ ఏం రాశాడో తెలియదు, కానీ కాయితం పోతే భూమి పోతుందన్న భయం. వాళ్ల నాన్న కట్టిన శిస్తు రసీదులు కూడా అందులో ఉన్నాయని చెప్పేవాడు. 1918లో దక్కన్‌లో వానలు ఎగ్గొట్టాయి. అదే ఏడాది ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లకు ఊళ్లను ఊడ్చుకుపోయింది. ఆ ఏడాదే ఈ విమానాలు ఎగిరాయి. డబ్బు సర్కారు ఖజానాది కావచ్చు, నిజాం సొంత భూములైన సర్ఫెఖాస్‌ది కావచ్చు, ఏదైనా కింది నుంచి వచ్చింది శిస్తే కదా. బహూకరించిన వారి పేరు బాగా కనబడుతోంది. కట్టినవాళ్ల పేర్లు లేవు. నాకు నిజాం మీద కోపం కన్నా ఆ ఖాళీ మీదే బాధ కలిగింది.

అప్పుడు పలకరించాడు ఆ పెద్దాయన. ఎనభై దాటి ఉంటాయి. మెడలో వలంటీరు కార్డు, చేతిలో కర్ర. చాలాసేపటి నుంచి మేం ఒకే విమానం దగ్గర ఉండడం చూసి వచ్చాడు. మేం హైదరాబాదు వాళ్లమని చెప్పగానే కర్ర గోడకు ఆనించి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. "నేను 110లో పనిచేశాను" అన్నాడు.

ఈ కర్ర విమానాల స్క్వాడ్రన్‌లోనా అని ముందు అర్థం కాలేదు. కాదు, ఆయన పనిచేసింది హెలికాప్టర్ల మీద మెకానిక్‌గా, 1960ల్లో, మలేసియా బోర్నియోలో. అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టి గంటకు పైగా మాట్లాడాడు. మధ్యలో తమ్ముడు రెండుసార్లు టైం చూసుకుని, తర్వాత ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

యుద్ధం అయిపోయాక ఇవే విమానాలు ఉత్తరాలు మోశాయట. ఫ్రాన్స్‌లోని మోబ్యూజ్ నుంచి కొలోన్‌కు, అంటే నిన్నటిదాకా బాంబులు వేసిన ఊరికే, తపాలా సంచులు. 1919లో స్క్వాడ్రన్‌ను మూసేశారు. ఉత్తరాల మాట రాగానే ఇంకొకటి కూడా చెప్పాడు. ఇంగ్లండ్‌లో మొదటి విమాన తపాలా 1911 సెప్టెంబరులో వెళ్లింది ఈ హెండన్ మైదానం నుంచి విండ్సర్‌కేనట. తమ్ముడు నా వైపు చూశాడు.

1937లో మళ్లీ పెట్టారు. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడు, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీద మొదటి బాంబులు వేయడానికి విల్‌హెల్మ్స్‌హాఫెన్‌కు వెళ్లిన బ్లెన్‌హైమ్ విమానాలకు ముందు నడిచింది ఈ హైదరాబాద్ స్క్వాడ్రనే. అడ్మిరల్ షేర్ అనే ఓడకు బాంబులు తగిలాయి గానీ పేలలేదు. 1942లో మన వైపు వచ్చింది. నిట్టనిలువునా దూకి బాంబులేసే వెంజెన్స్ విమానాలతో బర్మా సరిహద్దులో పోరాడింది. 1944లో ఆ వెంజెన్స్‌లు కొన్ని పశ్చిమ ఆఫ్రికాలో టకోరాడికి వెళ్లి మలేరియా దోమల మీద మందు చల్లే ప్రయోగాలు చేశాయి. తర్వాత స్క్వాడ్రన్‌కు ఇచ్చిన కొత్త విమానం పేరు మస్కిటో, అంటే దోమే. జపాన్ లొంగిపోతున్నట్టు ప్రకటించాక కూడా బర్మాలో పోరు ఆగని చోట, 1945 ఆగస్టు 20న, ఆ మస్కిటోలే ఆ యుద్ధంలో రాయల్ ఎయిర్‌ఫోర్స్ చివరి బాంబులు వేశాయి.

నేను ఆగలేక చెప్పాను. మలేరియా దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మా బేగంపేటలోనే, ఇప్పటి పాత ఎయిర్‌పోర్టు పక్కనే, 1897లో, అది కూడా ఆగస్టు 20నే అని. ఆయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, తేదీ మళ్లీ అడిగి, వణికే చేత్తో రాసుకున్నాడు. ఇన్నాళ్లూ ఈ స్క్వాడ్రన్ చరిత్ర చెబుతున్నా ఈ సంగతి ఎవరూ చెప్పలేదన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

తర్వాత బాంబులు పోయాయి. డకోటాలు, వాలెట్టాలు వచ్చాయి. మలయా అడవుల్లో ఉన్న సైనికులకు బియ్యం, డబ్బాలు, మందులు పారాచూట్లతో వదలడం పని. 1959లో కౌలాలంపూర్‌లో అదే పేరుతో హెలికాప్టర్ల స్క్వాడ్రన్ అయింది. ఈయన చేరింది అందులోకే. వర్ల్‌విండ్ హెలికాప్టర్ ముక్కు తెరిస్తే ఇంజన్ కనబడేదట. అడవిలో చెట్లు కొట్టి చదును చేసిన చోట, బురదలో మోకాళ్ల మీద కూర్చుని రిపేరు చేసేవాడట. సైనికుల్ని దించేవాళ్లు, గాయపడ్డవాళ్లను తెచ్చేవాళ్లు. ఒకసారి ఒక పల్లెలో కాన్పు కష్టమైన ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లారట. ఆమె తల్లి ఇతని చొక్కా అంచు పట్టుకుని దిగేదాకా వదల్లేదట. అది చెబుతున్నప్పుడు తన చొక్కా అంచే రెండు వేళ్లతో పట్టుకుని చూపించాడు. ఆ పట్టు నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది.

"హైదరాబాద్ అంటే ఎక్కడనుకునేవారు?" అని తమ్ముడు అడిగాడు. పాకిస్తాన్‌లో సింధు నది పక్కనున్న ఊరనుకునేవాడట, చాలా ఏళ్లు. ఆ పేరుతో ఒక రాజ్యం ఉండేదని, అది 1948లోనే ఇండియాలో కలిసిపోయిందని ఎవరూ చెప్పలేదట. రాజ్యం పోయింది, నిజాం 1967లో పోయారు, పేరు మాత్రం బోర్నియో అడవుల మీద తిరుగుతూనే ఉంది. 1971 ఫిబ్రవరిలో స్క్వాడ్రన్‌ను ఆఖరుసారి మూసేశారు. మా బాపు అప్పటికి పెళ్లీడు మనిషి. మా ఊళ్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

ఇంకో హైదరాబాద్ స్క్వాడ్రన్ కూడా ఉండేది, 152. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్లతో పోరాడింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. కోస్తా వాళ్లు కూడా చిన్నబుచ్చుకోనక్కర్లేదు, మద్రాస్ ప్రెసిడెన్సీ పేరుతోనూ స్క్వాడ్రన్లుండేవి. అవన్నీ చూసే ఓపిక మాకు లేకపోయింది. మూసే వేళయింది.

బయటికి వస్తుంటే తమ్ముడు "ఒక్క నిమిషం" అని వెనక్కు పోయాడు. ఇస్కూలు పిల్లలు ఆ విమానం ముందు గుంపుగా నిలబడి ఉంటే, వాళ్లు జరిగేదాకా ఆగి, ఆ అక్షరాలొక్కటే వచ్చేలా ఫొటో తీసుకొచ్చాడు. పొద్దున్నే మ్యూజియం ఎందుకన్నవాడు రైల్లో ఆ ఫొటోను పెద్దది చేసి చేసి చూస్తూనే ఉన్నాడు.

ఆ రాత్రే బాపుకు ఫోన్ చేసి చెప్పాం. మన దగ్గర అప్పటికి తెల్లవారుతోంది. బాపు అంతా విని, ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశాడు. అరగంటకు ఒక ఫొటో వచ్చింది. ట్రంకు పెట్టెలోని రసీదుల్లో అన్నిటికన్నా పాతది. అంచులు చిరిగాయి, మధ్యలో మడత దగ్గర సిరా చెదిరింది. తమ్ముడి పైఅంతస్తులో లాహోరు ఆయన ఉంటాడు. మర్నాడు సాయంత్రం తీసుకెళ్లి చూపించాం. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. గొలుసుకట్టు రాత, అంతా చదవలేనన్నాడు. కట్టిన సొమ్ము చదివాడు, ఎనిమిది రూపాయల ఆరు అణాలు, హాలీ సిక్కా, అంటే నిజాం రాజ్యపు రూపాయలు. ఇంకాస్త పైకి వేలు జరిపి, ఒక చోట ఆగి, కూడబలుక్కుంటూ మా ముత్తాత పేరు చదివాడు. తమ్ముడు ఆ చోట ఫోన్ మీద వేలు పెట్టి, మళ్లీ చదవమన్నాడు.