అరగంట కూర్చుని ఒక్క తాళం

ఆదివారం, ఆషాఢం. పొద్దున్నించీ ముసురు.

వీధిలో ఆడవాళ్ళు అమ్మవారికి ఆషాఢం సారె పట్టుకెళ్ళడానికి గొడుగుల కింద ఆటో కోసం నిలబడ్డారు. నన్నూ రమ్మన్నారు. పదింటికి పిల్లలు వయొలిన్ క్లాసుకి వస్తారు, ఇంకో రోజు వస్తానని చెప్పాను. ఆయన గుంటూరు వెళ్ళారు, వాళ్ళన్నయ్యగారింటికి. ఇంట్లో నేనూ నాన్నా. కాఫీ ఇస్తుంటే నాన్న పేపర్లోంచి తలెత్తి "ఇవాళ ఆదివారం కదూ?" అన్నారు. అని మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు గానీ, ఎందుకడిగారో నాకు తెలుసు. రెండు నెలలుగా మా ఇంట్లో ఆదివారం రాత్రంటే సింఫొనీ, పడమటి దేశాల ఆర్కెస్ట్రా కోసం భాగాలు భాగాలుగా రాసిన పెద్ద సంగీత రచన.

మొదలుపెట్టింది మావాడు. వాడికి ముంబైలో ఉద్యోగం. ఫిబ్రవరిలో ఎవరో స్నేహితుడి దగ్గర టికెట్టు మిగిలితే నారిమన్ పాయింట్‌లో ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రానికి వెళ్ళి, సింఫొనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా కచేరీ విని వచ్చాడు. ఆ రాత్రి పదకొండింటికి ఫోన్. "అమ్మా, ఎన్ని వయొలిన్లనుకున్నావు! అన్ని కమానులూ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి దిగుతాయి. నువ్వు చూడాలమ్మా" అని ఒకటే చెప్పడం. చిన్నప్పుడు నా దగ్గర వర్ణాల దాకా వచ్చి మానేసిన పిల్లాడు. వయొలిన్ గురించి వాడంతట వాడు మాట్లాడటం ఇన్నేళ్ళలో అదే మొదలు. వింటూ కూర్చున్నాను, నిద్ర ఎగిరిపోయింది.

ఆ ఆర్కెస్ట్రాని 2006లో ఖుష్రూ సంతూక్ గారు, కజకిస్తాన్ వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెన్‌గలియేవ్ కలిసి మొదలుపెట్టారట. ఏడాదికి రెండు సీజన్లు, ఫిబ్రవరి ప్రాంతంలో ఒకటి, సెప్టెంబరు ప్రాంతంలో ఒకటి. వాయించేవాళ్ళలో చాలామంది కజకిస్తాన్ లాంటి విదేశాల నుంచి సీజన్‌కి వచ్చి వెళ్తుంటారు. పడమటి దేశాల్లో పెద్ద ఆర్కెస్ట్రాలకైతే సెప్టెంబరులో మొదలైన సీజన్ మే, జూన్ దాకా నడుస్తుంది, దాదాపు వారం వారం కొత్త కార్యక్రమం. నాకు తెలిసిన సీజనంటే మద్రాసు డిసెంబరుదే. అక్కడ కచేరీలో ఏ రాగం ఎంతసేపు సాగుతుందో ఆ సాయంత్రం విద్వాంసుడి మనసుని బట్టి ఉంటుంది. వీళ్ళు ఏ తేదీన ఏ సింఫొనీయో నెలల ముందే అచ్చేసి పెడతారు.

మొదట నాకు రుచించలేదు. రాసింది రాసినట్టు ఎనభైమంది వాయిస్తే అందులో మనోధర్మం, అదే అప్పటికప్పుడు సొంతంగా అల్లడం, ఎక్కడుంది అని వాడినే అడిగాను. వాడు వాదించలేదు. "సెప్టెంబరు సీజన్‌కి తాతయ్యని తీసుకుని రా. ఏం వాయిస్తారో ఇంకా చెప్పలేదు. ఈలోగా వారానికొకటి వినండి" అని లింకులు పంపాడు, వెనకాలే ఒక మంచి స్పీకరు కూడా.

మొదటి వారం బేతొవెన్ ఆరో సింఫొనీ, పల్లె మీద రాసింది. 1808 డిసెంబరు 22న వియన్నాలో అయిదోదీ ఆరోదీ ఒకే రాత్రి మొదటిసారి వినిపించారట, ఆ చలిలో నాలుగు గంటల కచేరీ. రెండో భాగం వాగు ఒడ్డున. దాని చివర మూడు పిట్టలు పలుకుతాయి. నైటింగేల్‌కి ఫ్లూటు, పూరేడుకి ఓబో, కోకిలకి క్లారినెట్టు. కోకిల వినపడగానే నాన్న చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఇది కోయిల కాదే అమ్మాయ్. మన కోయిల పైకెళ్తుంది. ఇది కిందికి దిగుతోంది."

వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. వయొలిన్ తీసి పట్టుకుని చూశాను. నిజమే, రెండే రెండు స్వరాలు, అంతర గాంధారం మీంచి షడ్జానికి దిగుతోంది. వాళ్ళ కుక్కూ అలాగే దిగుతుందట. మా పెరటి వేపచెట్టు మీద కూసేది కుహూ అని ఎక్కుతుంది. అసలవి వేరు వేరు పిట్టలు. బేతొవెన్ తన ఊళ్ళో విన్నదాన్ని విన్నట్టు రాశాడు, అప్పటికే చెవులు మొరాయిస్తున్న మనిషి. నాకు ఈ సంగీతం మీద గౌరవం అక్కడ మొదలైంది. నాన్నకి మాత్రం అసలు ఇష్టం ద్వోర్జాక్ అనే చెక్ స్వరకర్తతో మొదలైంది. ఆయన తొమ్మిదో సింఫొనీ, 'కొత్త ప్రపంచం నుంచి' అని పేరు, మూడు వారాలుగా అదే పెట్టమంటున్నారు.

దానికి కారణం సంగీతం ఒక్కటే కాదు. నాన్న రైల్వేలో గూడ్సాఫీసులో చేసి రిటైరయ్యారు. ఎనభై ఆరేళ్ళు. ఇప్పటికీ రాత్రి పడుకుని శబ్దాన్ని బట్టి వెళ్ళేది గూడ్సో ఎక్స్‌ప్రెస్సో చెప్తారు. ఆవిరింజన్ల రోజుల్లో డబ్ల్యూపీ ఇంజన్ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంటే చేతిలో పని వదిలేసి చూసేవాళ్ళట. ద్వోర్జాక్‌కి కూడా రైళ్ళంటే ప్రాణం. బొహీమియాలో ఒక పల్లెటూరి కసాయి కొడుకు ఆయన. ప్రాగ్‌లో ఉన్నప్పుడు ఇంజన్లు చూడటానికే స్టేషన్‌కి వెళ్ళేవాడు, రైళ్ళ వేళలు కంఠతా. 1892లో న్యూయార్క్‌లో సంగీత కళాశాల డైరెక్టరుగా వెళ్ళాక, అక్కడ ప్లాట్‌ఫారం మీదికి ఊరికే రానివ్వకపోతే, రేవుకి వెళ్ళి ఓడలు చూసేవాడు. ఇది చదివి వినిపించినప్పుడు నాన్న మొహం వెలిగిపోయింది. "మన స్టేషన్‌కి వచ్చుంటే దగ్గరుండి చూపించేవాణ్ణి" అన్నారు.

పదింటికి నలుగురు పిల్లలు తడుస్తూ వచ్చారు. ఆషాఢం కదా, అందరి వేళ్ళకీ గోరింటాకు. ఎడమచేతి నాలుగు వేళ్ళ చివర్లు ఎర్రగా తీగల మీద కదులుతుంటే ఏ వేలు ఎక్కడ పడుతోందో దూరం నుంచి కూడా తెలుస్తోంది. ఏడాదిలో ఈ పది రోజులు నాకు పాఠం చెప్పడం తేలిక. మోహన రాగంలో 'వరవీణా' గీతం పట్టుకున్నారు. గ గ పా పా, ద ప సా సా. వరండాలోంచి నాన్న గొంతు. "ఆ కొత్తప్రపంచం ఆయనదీ ఇక్కడే ఎత్తుకుంటుంది కదూ?"

మూడు వారాలు విన్నాను, నాకు తట్టలేదు. దాని రెండో భాగం, లార్గో అంటారు. ముందు ఇత్తడి వాద్యాలు నెమ్మదిగా తెర తీస్తాయి. తర్వాత కోర్ ఆంగ్లే అనే వాద్యం ఒంటరిగా అందుకుంటుంది. ఓబోకి పెద్దక్క లాంటిది. రెండు పలచటి రెల్లు ముక్కలు కలిపి కట్టిన పీకతో ఊదుతారు, మన సన్నాయికి దూరపు చుట్టం. గా ప పా, గా రి సా. గాంధారం మీద ఎత్తుకుని పంచమానికి పోవడం. వరవీణ కూడా సరిగ్గా అక్కడి నుంచే అక్కడికే. పిల్లల చేత పాఠం ఆపించి నేనది వాయించాను.

"ఇదే గీతం టీచర్?" అంది చిన్నది.

గీతం కాదు, చెక్ దేశపాయన 1893లో న్యూయార్క్‌లో రాశాడని చెప్పాను. "ఆయనకి మోహన తెలుసా?" అంది. తెలియదు. మోహనలోని ఈ అయిదు స్వరాలు లోకంలో చాలాచోట్ల జనం నోళ్ళలో ఉన్నాయి. ఆయన కళాశాలలో చదివిన హ్యారీ బర్లీ నల్లవాళ్ళ భక్తిపాటలు పాడి వినిపించేవాడట, ఆ గాలి కూడా సోకి ఉంటుంది. చాలామంది దీన్ని పాత జానపద గీతం అనుకుంటారు గానీ ఈ బాణీకి పాడే మాటలు 1922లో వచ్చినవి, ద్వోర్జాక్ శిష్యుల్లో ఒకాయన తర్వాత కట్టినవి. బాణీ ద్వోర్జాక్‌దే. రెండో చరణం లాంటిది వాయించబోతే ఆ చిన్నదే మళ్ళీ ఆపింది. "టీచర్, నిషాదం పడింది." పడింది. మోహనకి నిషాదం లేదు. దాని చెవికి ఎంత ముద్దొచ్చిందో.

తర్వాత వాళ్ళ చేత ఆ మొదటి ముక్క వాయించబోతే అసలు కష్టం అక్కడొచ్చింది. గాంధారం మీద వేలు పెట్టగానే అందరూ కాస్త ఊపుతున్నారు. మేం నేర్పిందే అది. కదపకండి, ఊరికే నిలబెట్టండి అంటే ఒక్కరికీ రాలేదు. నేను పట్టి చూశాను. నలభై ఏళ్ళ అలవాటు, నా వేలు కూడా నా మాట వినలేదు. స్వరాన్ని ఏ అలంకారమూ లేకుండా, శ్రుతి తప్పకుండా, చివరిదాకా ఒకే బరువుతో నిలపాలి. మనోధర్మం ఎక్కడుందని మావాణ్ణి అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. దాదాపు ఎనభైమంది ఇలా ఒకరి కోసం ఒకరు తమ వేళ్ళు నిలుపుకుంటారని అప్పుడు నాకు వేలితో తెలిసింది.

మధ్యాహ్నం గోంగూర పప్పు, వడియాలు. కాసేపు కునుకు.

నాలుగింటికి మావాడి ఫోను. స్పీకర్లో పెట్టాను. నాన్న అడిగిందల్లా ఒకే మనిషి గురించి, తాళాలు వాయించే ఆయన. ఆ సింఫొనీలో పెద్ద కంచు తాళాలు మొత్తం మీద ఒక్కసారే మోగుతాయి, నాలుగో భాగంలో. మూడు భాగాలు గడవాలి, అంటే అరగంట దాటాలి. ట్యూబా, అంటే పెద్ద ఇత్తడి బూరా, వాయించే ఆయనకైతే లార్గోలో మాత్రమే పని, అదీ పద్నాలుగు స్వరాలు. పోయినవారం ఇది తెలిసిన దగ్గర్నుంచి నాన్న ఆలోచన అంతా అక్కడే.

"అంతసేపూ అక్కడే కూర్చుంటాడా?"

"కూర్చుంటాడు తాతయ్యా. మూడో భాగంలో ట్రయాంగిల్ ఉంటుంది, మామూలుగా అదీ ఆయనకే ఇస్తారు. మిగతాసేపు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు."

నాన్న నలభై ఏళ్ళు తంబురా వేశారు. పగలు గూడ్సాఫీసు, సాయంత్రం కచేరీ. శ్రీరామనవమి పందిళ్ళు, త్యాగరాజ ఆరాధనలు, సభలు. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం, ఆ నాలుగు తీగలే మూడు గంటలు. కాలు తిమ్మిరెక్కినా కదలకూడదు, దగ్గొచ్చినా దగ్గకూడదు. గాయకుడు ఎక్కడ తిరిగొచ్చినా ఆనుకునే గోడ ఆ శ్రుతే. అచ్చేసిన కార్డుల్లో గాత్రం ఉండేది, వయొలిన్, మృదంగం, ఘటం, అన్నిటికీ పేర్లుండేవి. తంబురాకి ఉండేది కాదు. పేపర్లో ఫోటో వస్తే విద్వాంసుడి భుజం వెనక నాన్న సగం మొహం. అమ్మ ఆ ఫోటోలు కత్తిరించి దాచింది. తర్వాత ఎలక్ట్రానిక్ తంబురాలు వచ్చాయి, పిలవడం మానేశారు. నాన్న ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నాకే కడుపులో ఉండిపోయింది.

"కచేరీలో పుస్తకం ఇస్తారు తాతయ్యా," అన్నాడు మావాడు. "వాయించే అందరి పేర్లూ వేస్తారు అందులో."

"అందరివీనా?"

"అందరివీ. వాద్యాల వారీగా. తాళాల ఆయనది కూడా."

నాన్న ఇంకేం అడగలేదు. ఫోను నా చేతికిచ్చి, కండువా సర్దుకుని లోపలికి వెళ్ళారు.

రాత్రి తొమ్మిదింటికి పెట్టాను. వాన తగ్గింది. కిటికీలు తీస్తే రైల్వే కాలనీ వైపు నుంచి తడిమట్టి వాసన. లార్గో వచ్చినప్పుడు నాన్న "ఆహా" అన్నారు, పైకే. సింఫొనీ మధ్యలో చప్పుడు చెయ్యకూడదంటారు, చప్పట్లు కూడా అంతా అయ్యాకే కొట్టాలంటారు. నాకది ఒప్పుదల లేదు. 1893 డిసెంబరు 16న కార్నెగీ హాల్లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ దీన్ని మొదటిసారి వాయించినప్పుడు లార్గో అవగానే జనం చప్పట్లు ఆపలేదు, బాక్సులో కూర్చున్న ద్వోర్జాక్ లేచి నమస్కరించాల్సి వచ్చింది. మంచిచోట ఆహా అనడం ఆయనకీ తెలిసిన మర్యాదే.

మూడో భాగంలో ట్రయాంగిల్ గలగలలాడింది. నాలుగోది ఎవరో పెద్ద బండి లాగుతున్నట్టు మొదలైంది, రెండే స్వరాలతో, ఆవిరింజన్ కదిలినట్టు ఊపందుకుంటూ. మొదటి వారం నేను తాళం ఎక్కడొచ్చిందో కూడా పట్టుకోలేదు, పోయినవారం గూడ్సు కూతలో పోయింది. దద్దరిల్లే దెబ్బేమీ కాదది. గట్టిగా వచ్చిన వరస కాస్త తగ్గుతున్నచోట, మెత్తగా, కంచు మీద గాలి ఊదినట్టు. రెండు నిమిషాలు కూడా కాకముందే వచ్చేస్తుంది.

నాన్న కళ్ళు మూసుకుని ఉన్నారు. కుడిచేతి వేళ్ళు కుర్చీ చెయ్యి మీద, తంబురా మీటినట్టే, ఒకదాని తర్వాత ఒకటి. సరిగ్గా అప్పుడు ఆ వేళ్ళు ఆగాయి. చెయ్యి కొద్దిగా పైకి లేచింది. తాళం పడింది.

మిగతాది మొత్తం విన్నారు. ఆఖరి స్వరం సన్నగిల్లి పూర్తిగా పోయేదాకా కళ్ళు తెరవలేదు. నేను స్పీకరు ఆపి, మంచినీళ్ళు తెచ్చి, దోమతెర సర్దాను. లైటు తీసేసి గుమ్మం దాటుతుంటే పిలిచారు.

"అమ్మాయ్, సెప్టెంబర్లో ముంబైకి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో లోయర్ బెర్త్ దొరుకుతుందేమో రేపు చూడు."