స్నానాల గదిలో కరెంటు: మన సీమ నేలలో ఎర్త్ ఒక్కటే చాలదు

ఇళ్ల వైరింగ్ పనులు చూసే వృత్తిలో ఉన్నందువల్ల, అనంతపురంలోనూ కడప వైపునా కొత్తగా ఇల్లు కట్టుకునేవారు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు: స్నానాల గదిలో ప్లగ్ పాయింట్లు ఎక్కడ పెట్టించమంటారు? గీజరుకు ఒకటి, వాషింగ్ మెషీనుకు ఒకటి, అద్దం పక్కన ట్రిమ్మరుకూ హెయిర్ డ్రయ్యరుకూ మరొకటి అని లెక్క చెబుతారు. ఎక్కడ అన్నదానికి సమాధానం చెప్పడం కష్టం కాదు. ఆ పాయింటు వెనుక ఏ రక్షణ ఉన్నది అని మాత్రం చాలా అరుదుగా అడుగుతారు. ప్రాణాలు నిలిచేదీ పోయేదీ దాని మీదనే కాబట్టి ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాను.

పొడిగా ఉన్న చర్మం కరెంటును చాలావరకు అడ్డుకుంటుంది. తడిసిన చర్మం, తడి నేల మీద చెప్పులు లేని కాళ్లు కలిసినప్పుడు ఆ అడ్డు చాలా తగ్గిపోతుంది. శరీర నిరోధం వెయ్యి ఓములు అనుకుంటే 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతాయి. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి మీద స్వల్ప కరెంటుతో పరీక్షలు జరిపి, పట్టుకున్న తీగను తనంతట తాను వదిలించుకోగలిగే హద్దు పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు సుమారు 10.5 అని తేల్చాడు. అది దాటితే కండరాలు బిగుసుకుపోయి చేయి రాదు, ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది. ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే తనంతట తాను పడిపోయే స్విచ్చి) ఉంది కదా అని ధైర్యంగా ఉండేవారు గమనించవలసినది ఇదే: 16 ఆంపియర్ల ఎంసీబీ వైరును కాపాడడానికి పెట్టినది, మనిషిని చంపగల కరెంటు దానికి లెక్కలోకే రాదు.

ఈ ప్రమాదానికి దేశదేశాల వారు వెతుక్కున్న దారులు వేరువేరుగా ఉన్నాయి. ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు స్నానాల గదిలో మామూలు ప్లగ్ పాయింటు ఒక్కటీ కనిపించలేదు, గోడకు లైటు స్విచ్చి కూడా లేదు. పైకప్పు నుంచి ఒక తాడు వేలాడుతోంది, లాగితే లైటు వెలుగుతుంది. తడి చేయి తాకేది ఆ తాడునే కానీ స్విచ్చిని కాదు. అద్దం పక్కన రెండు చిన్న రంధ్రాల సాకెట్టు ఉంది, దాని మీద షేవరుకు మాత్రమే అని రాసి ఉంది. ఆ పలక వెనుక ఒక చిన్న ఐసొలేటింగ్ ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. దాని నుంచి వచ్చే రెండు తీగలకూ భూమితో సంబంధం ఉండదు గనుక, వాటిలో ఒకదాన్ని ముట్టుకున్నా కరెంటు మనిషి గుండా నేలకు పోయే దారి పూర్తికాదు. మామూలు సాకెట్టు పెట్టాలంటే స్నానపు తొట్టి అంచు నుంచి మూడు మీటర్ల దూరం ఉండాలని అక్కడి నియమం చాలాకాలం చెప్పింది. 2022 సవరణతో ఆ దూరాన్ని రెండున్నర మీటర్లు చేశారు. అంత పెద్ద స్నానాల గది సామాన్యుల ఇళ్లలో ఉండదు కాబట్టి, ఆచరణలో అది సాకెట్టే వద్దని చెప్పినట్టే.

అమెరికా వారిది దీనికి దాదాపు ఎదురు పద్ధతి. వాష్‌బేసిన్ అంచు నుంచి మూడు అడుగుల లోపు సాకెట్టు తప్పనిసరిగా ఉండాలన్నది అక్కడి నియమం. దూరంగా పెడితే జనం పొడవైన ఎక్స్‌టెన్షన్ వైరు లాక్కొస్తారు, అది ఇంకా ప్రమాదమని దీని వెనుక ఉన్న ఆలోచన; నాకు ఇది చాలా సబబుగా తోస్తుంది. అయితే ఆ సాకెట్టుకు ఒక షరతు ఉంది. డాల్జీల్ 1961లో రూపొందించిన లీకేజీ రక్షణ పరికరం (దారి తప్పి బయటికి పోయే కరెంటును పసిగట్టి సరఫరా ఆపేది) స్నానాల గది సాకెట్లకు తప్పనిసరి అని 1975 నాటి అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ చెప్పింది. సాకెట్టు మధ్యలోనే టెస్టు, రీసెట్టు అని రెండు చిన్న బటన్లు కనిపించేది అందుకే. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ కేవలం ఐదు మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, అది కరెంటును తెగ్గొడుతుంది.

జర్మనీ, ఫ్రాన్సు వంటి దేశాలు మధ్యేమార్గం పట్టుకున్నాయి. తొట్టి చుట్టూ అరవై సెంటీమీటర్ల మేర ఒక హద్దు గీసి, దాని అవతల మామూలు సాకెట్టు పెట్టుకోనిస్తారు, కానీ ముప్పై మిల్లీ ఆంపియర్ల లీకేజీ రక్షణ ఉండి తీరాలి. జపానులో స్నానం చేసే గది వేరు, ముఖం కడుక్కునే చోటు వేరు కాబట్టి ప్లగ్గులన్నీ రెండో దాంట్లోనే ఉంటాయి. పైగా వారి సరఫరా వంద వోల్టులే. బ్రెజిలులో షవరు తలలోనే నీళ్లు కాగే ఏర్పాటు ఇంటింటా ఉంటుంది, అక్కడి ప్రమాణమూ స్నానాల గది సర్క్యూట్లకు ఈ లీకేజీ రక్షణనే అడుగుతుంది.

ఈ నియమాలను మన ఇళ్లకు అన్వయించి చూస్తే మొదటి చిక్కు గది కొలతలతోనే వస్తుంది. నాలుగడుగులు బై ఆరడుగుల గదిలో బకెట్టు, చెంబు పెట్టుకుని స్నానం చేస్తాము, అక్కడే బట్టలు ఉతుకుతాము. కడప బండల నేల మొత్తం తడుస్తుంది, నీళ్లు నాలుగు గోడల మీదా చిమ్ముతాయి. అరవై సెంటీమీటర్ల హద్దు గీస్తే గది అంతా ఆ హద్దులోనే మునిగిపోతుంది. అందుకే గీజరు స్విచ్చి, వాషింగ్ మెషీన్ ప్లగ్గు తలుపు బయటనే ఉండాలని నేను పట్టుబడతాను. ఇది సులభమైన భాగం.

కష్టమైన భాగం నేల. ఎర్త్ వైరు ఎలా కాపాడుతుందో ఒకసారి ఆలోచించండి. గీజరు లోపల ఫేజు తీగ దాని ఇనుప ఒంటికి తగిలిందనుకుందాం. కరెంటు ఎర్త్ వైరు గుండా ఇంటి ఎర్త్ గుంతకు, అక్కడి నుంచి నేల గుండా వీధి ట్రాన్స్‌ఫార్మరు ఎర్త్‌కు చేరి తిరిగి న్యూట్రలులో కలవాలి. ఆ దారి సుగమంగా ఉంటే పెద్ద కరెంటు పారి ఎంసీబీ పడుతుంది. కాని ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లాలో, నాలుగడుగులు తవ్వగానే రాయి తగిలే చోట, ఏప్రిల్, మే నెలల్లో ఆ నేల ఎంత నిరోధం చూపుతుందో ఎర్త్ మీటరు పెట్టి కొలిచినవారికి తెలుసు. ఉదాహరణకు ఇంటి గుంత 15 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు వైపు 5 ఓములు అనుకుందాం. మొత్తం 20 ఓముల దారిలో 230 వోల్టులకు పారేది 11.5 ఆంపియర్లు. రెండు కిలోవాట్ల గీజరు మామూలుగా తీసుకునే దాదాపు తొమ్మిది ఆంపియర్లు దీనికి తోడైనా 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడదు. వేడెక్కి ఎప్పటికో పడవచ్చు, పడకపోనూవచ్చు. ఈలోగా ఇంటి గుంత మీద, అంటే గీజరు ఒంటి మీద, దానికి కలిసిన ఇనుప పైపుల మీద, ఇంట్లో ఎర్త్ ఉన్న ప్రతి వస్తువు మీద 172 వోల్టులు నిలబడి ఉంటాయి. ఎర్త్ సరిగ్గానే కట్టారు, అయినా కుళాయి ప్రాణం తీయగలదు.

దీనికి మన బోరు నీళ్లు తోడవుతాయి. ఇటీవల ఒక ఇంట్లో, కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందని పిలిస్తే గీజరు విప్పించాను. బయటికి తీసిన హీటింగ్ ఎలిమెంటు మీద వేలి మందాన తెల్లటి సున్నపు పెచ్చు కట్టి ఉంది. స్క్రూడ్రైవరుతో తట్టగా ఆ పెచ్చు రాలిపడి, దాని కింద రాగి గొట్టం మీద సన్నగా వెంట్రుకవాసి చీలిక కనిపించింది. పెచ్చు వల్ల వేడి నీళ్లలోకి పోలేక గొట్టంలోనే నిలిచి, చివరికి అది పగిలింది. ఆ చీలిక గుండా లోపలి తీగకు నీళ్లు తగిలి కరెంటు కొద్దికొద్దిగా బయటికి వస్తోంది. ఇటువంటి కొద్దిపాటి లీకేజీని పసిగట్టేది ఆర్‌సీసీబీ, అంటే పైన చెప్పిన లీకేజీ రక్షణ పరికరం, ఒక్కటే. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రలులో తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది ఎల్లవేళలా సరిపోల్చుతుంది. ముప్పై మిల్లీ ఆంపియర్ల రకమైతే, అంత తేడా వచ్చిన 300 మిల్లీ సెకన్లలోపు తెగ్గొట్టాలి. తేడా ఐదు రెట్లు ఉంటే 40 మిల్లీ సెకన్లలోపే. మన ఎండిన నేల ఆ చిన్నపాటి కరెంటును పోనివ్వడానికి ఏమీ ఇబ్బంది పడదు. ఎర్త్ 15 ఓములున్నా, 50 ఉన్నా ఇది పనిచేస్తుంది. ఇంతకన్నా బలమైన కారణం మన ప్రాంతానికి మరొకటి అవసరం లేదని నా నమ్మకం.

అయినా దీన్ని పెట్టించమంటే వెంటనే వినిపించే మాట, "సార్, ఎర్త్ ఉండాది కదా, మళ్లా అదెందుకు? ఊరికే పడిపోతాంటాది" అని. ఆ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. ఆర్‌సీసీబీ గుండా వచ్చిన న్యూట్రలును దాని గుండా రాని న్యూట్రలుతో కలిపేసినా, ఇన్వర్టరు న్యూట్రలును పక్కదానితో ముడివేసినా ఆర్‌సీసీబీ తేడా చూసి పడిపోతుంది. చేయవలసినది న్యూట్రళ్లను విడదీయడం. చాలామంది చేసేది ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలిపేయడం. ఇంకా ఘోరమైనది, ఎర్త్ గుంత లేని పాత ఇళ్లలో సాకెట్టు ఎర్త్ పిన్నును న్యూట్రలుకే కలిపి చేతులు దులుపుకోవడం. బయట ఎక్కడైనా ఆ న్యూట్రలు తెగిందంటే గీజరు ఒంటికి తిన్నగా ఫేజు వచ్చేస్తుంది. ఎవరైనా ఇలా కలుపుతుంటే దయచేసి అక్కడికక్కడే ఆపించండి.

బకెట్టులో వేసే హీటర్ రాడ్డు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అద్దె ఇళ్లలో, హాస్టళ్లలో గీజరు కన్నా అదే ఎక్కువ. ఐఎస్ఐ గుర్తు లేని రాడ్డు అమ్మకూడదని చట్టం ఉన్నా, సంతల్లో దొరుకుతూనే ఉంటుంది. ప్లగ్గు తీయకుండానే నీళ్లు కాగాయా అని వేలు ముంచి చూసే అలవాటు ఎంతమందికి ఉందో తలచుకుంటే నాకు నిజంగా భయం వేస్తుంది. ప్లాస్టిక్ బకెట్టుకు ఎర్త్ ఉండదు. రాడ్డు పగిలి ఉంటే నీళ్లు కరెంటుతో ఎదురుచూస్తుంటాయి, ముంచిన వేలే మొదటి దారి అవుతుంది. ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు ఊడదీసి, రాడ్డు బయట పెట్టిన తరువాతనే నీళ్లు తాకాలి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రలు పట్టుకుంటే ఆర్‌సీసీబీకి తేడా కనిపించదు, అది పడదు. కాబట్టి అది ఉందని స్నానాల గది లోపల ప్లగ్గులు పెంచుకోవడం తగదు. ఎర్త్ గుంత మానేయడమూ తగదు. గుంతలో బొగ్గు, ఉప్పు వేయించి, వేసవిలో వారానికి ఒకసారి నీళ్లు పోయండి.

ఇల్లు కట్టేవారు వైరింగ్ మేస్త్రీతో మాట్లాడేటప్పుడు మెయిను బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, స్నానాల గదికి విడి ఎంసీబీ, తలుపు బయట గీజరుకు 20 ఆంపియర్ల డీపీ స్విచ్చి ఉండాలని తప్పకుండా చెప్పండి. డీపీ స్విచ్చి ఫేజునూ న్యూట్రలునూ రెండింటినీ తెంచుతుంది కాబట్టి, అది ఆపి స్నానం చేస్తే గీజరు చెడినా మీ దాకా రాదు. మంచి ఆర్‌సీసీబీ రెండు వేల రూపాయలకు అటూ ఇటూగా వస్తుంది. పెట్టించిన తరువాత నెలకు ఒకసారి దాని మీది టెస్టు బటను నొక్కండి. ఠక్కున పడితే మంచిదే, పడకపోతే ఆ రోజే మార్పించండి. అద్దెకు ఉండేవారు ఇంటి యజమానిని అడగడానికి మొహమాటపడవద్దు. ఆయన కాదంటే, కనీసం గీజరు వరకైనా మీ ఖర్చుతో ఒకటి పెట్టించుకుని, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు విప్పి వెంట తీసుకుపోవచ్చు.