సోమశిల ఒడ్డున నీళ్లు గీసిన గీతలు

శ్రీశైలం జలాశయం నిండితే మట్టం 885 అడుగులు. ఆ నీళ్లు వెనక్కి తన్ని మా పాలమూరు ఊళ్ల అంచుల దాకా వస్తాయి. సోమశిలలో ఫొటోలు తీయాలనుకునేవాళ్లు చాలామంది ఆ నిండు నీళ్ల కోసం వానాకాలం చివర్లో వెళ్తారు. నేను మాత్రం మూడేళ్లుగా మార్చి కోసమే చూస్తున్నాను. అప్పటికి నీళ్లు దిగుతూ ఒడ్డు పొడుగునా మెట్లు మెట్లుగా గీతలు వదిలి ఉంటాయి. ఆ గీతలు నాకు కావాలి.

ఈసారి మామ కూడా వచ్చాడు, మా అమ్మ తమ్ముడు. వాళ్లు పుట్టిన ఊరు ఈ నీళ్ల కిందే ఉంది. అమ్మను కూడా రమ్మన్నాను. "ఏముంది ఆడ, నీళ్లే గదా" అని ఊరుకుంది.

ముందురోజు సాయంత్రమే మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ చేరి అక్కడే పడుకున్నాం. తెల్లారి నాలుగున్నరకు లేచి సోమశిల వెళ్లాం, దూరం పది కిలోమీటర్లకు మించదు. చీకట్లోనే లలితాంబికా సోమేశ్వరుని గుడి ముందు ఆగి దండం పెట్టుకున్నాం. ప్రాజెక్టు కట్టినప్పుడు పాత గుళ్లను మునిగిపోకుండా విప్పి, పైకి తెచ్చి కట్టారు. మామ గోడ రాయి మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. "గీ రాళ్లను నేను కిందున్నప్పుడు జూసిన" అన్నాడు. అప్పటికి ఆయనకు పన్నెండేళ్లు.

సూర్యోదయానికి ముందు ఇరవై నిమిషాలే అసలు సమయం. ఎదురుగా సిద్ధేశ్వరం వైపు నల్లమల గుట్టలు ఒకదాని వెనుక ఒకటి, ముందున్నది ముదురు నీలం, వెనక్కి పోయేకొద్దీ పలచన. కెమెరాలో ఎఫ్ 11, ఐఎస్ఓ 100, వెలుగు తగ్గించే ఫిల్టర్ పెట్టి 20 సెకన్లు. అంతసేపు షట్టర్ తెరిచి ఉంచితే చిన్న అలలన్నీ కలిసిపోయి నీళ్లు నున్నగా వస్తాయి, ఒడ్డు గీతలు తేటగా పడతాయి. మట్టం కొన్ని రోజులు ఒకేచోట నిలిస్తే అలలు అక్కడి మట్టిని కోసి మెట్టు చేస్తాయి. నీళ్లు గబగబా దిగినచోట మెట్లుండవు, నేల సాఫుగా జారిపోతుంది. ఆ ఒడ్డును చూస్తే నీళ్లు ఎప్పుడు ఆగాయో, ఎప్పుడు పరుగెత్తాయో చదువుకోవచ్చు.

మొదటి నాలుగు ఫొటోలూ పాడయ్యాయి. పైన పెచ్చులు కట్టి ఎండినట్టు కనిపించే నేల లోపలంతా మెత్తటి బురద. 20 సెకన్లలోనే ట్రైపాడ్ కాలు వేలెడు దిగిపోయేది. వెలుగు మారిపోతోందని నాకు టెన్షన్. మామ ఏమీ అనకుండా వెళ్లి మూడు చపటా రాళ్లు తెచ్చి కాళ్ల కింద పెట్టాడు. ఐదో ఫొటో నిలబడింది.

ఎండెక్కాక మాట్లాడుకున్న పడవ వచ్చింది. లైఫ్ జాకెట్లు ఉంటేనే ఎక్కుతానన్నాడు మామ. 2007 జనవరిలో ఈ కృష్ణలోనే పడవ మునిగి 61 మంది పోయారు. ఈ చుట్టుపక్కల వాళ్లకు అది ఇంకా నిన్నటి మాటే. పడవ నడిపే అన్న జాకెట్లు తీసిచ్చి, ముడులు తానే సరిచూశాడు. సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి ఇంకా పూర్తిగా తేలలేదనీ, వేపకర్ర లింగాన్ని చూడాలంటే మరికొన్నాళ్లు ఆగాలనీ ఆయనే చెప్పాడు.

అరగంట పోయాక ఒక దిబ్బ దగ్గర దిగాం. నీళ్లు వదిలిన పక్కనే ఎవరో మొక్కజొన్న వేసుకున్నారు. మామ అటూ ఇటూ చూసి, ఎండిన తుమ్మ మొద్దు ఒకటి చూపించి, "గిది మా వాడకట్టు అల్లుడా. ఇట్ల వోతె బురుజు, అట్ల వోతె బాయి" అన్నాడు. నాకు కనిపించిందల్లా కుండపెంకులూ, వరుస తప్పిన పునాది రాళ్లూ.

ఆ రాళ్ల మధ్య ఒక రోలు. సగం నేలలో కూరుకుపోయి ఉంది. అంచు ఒకవైపు అరిగి నున్నగా మెరుస్తోంది, గుంతలో బూడిదరంగు బురద, దాని మీద ఎండి నెర్రెలిచ్చిన పొర. ఒక నెర్రెలో చిన్న నత్తగుల్ల. మామ మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతోనే ఆ బురదంతా తోడాడు. టవల్ నీళ్లలో ముంచి తెచ్చి గుంత తుడిచాడు.

"మనదేనా మామా?"

"తెల్వదు బిడ్డా. మనది గాకపోతె పక్కింటోళ్లది."

వైడ్ లెన్స్ తీసేసి 50 ఎంఎం పెట్టాను. నేను తీసేది ప్రకృతి దృశ్యాలే, గుట్టలూ నీళ్లూ ఆకాశం. ఈ రోలు ఫొటోలో ఆకాశం లేదు, గుట్ట లేదు. ఆ రోజు తీసినవాటిలో నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం అదే. గుంతలో మిగిలిన తడిలో మామ తల నీడ పడింది, అది అలాగే ఉంచాను.

రాత్రి ఇంట్లో అమ్మకు లాప్‌టాప్‌లో అన్నీ చూపించాను. నీలం గుట్టల ఫొటోలన్నీ మాట లేకుండా చూసింది. రోలు దగ్గర ఆపమంది. కళ్లద్దాలు పెట్టుకుని స్క్రీన్ దగ్గరికి జరిగింది.

"లోపలి బురద తీసింది ఎవరు, తమ్ముడేనా?" అని అడిగింది.